నీకేం తక్కువ? – సర్పగంధ నుంచి డోపమీన్ దాకా

మన ఊళ్ళలో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే హైదరాబాదు వాళ్ళు “వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి” అంటారు. విశాఖపట్నం వాళ్ళు వాల్తేరు పేరెత్తుతారు. మద్రాసుతో రాకపోకలున్న నెల్లూరు, చిత్తూరు పాతతరం వాళ్ళకి ఆ మాట కీల్పాక్. అక్కడ 1871లో తెరిచిన పిచ్చాసుపత్రి పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది. మూడు చోట్లా జరిగింది ఒకటే: పేటల పేర్లు తిట్లయిపోయాయి. ఎర్రగడ్డలో ఇల్లు కొనుక్కున్నవాడు అడ్రసు చెప్పినప్పుడల్లా ఎదుటివాడి నవ్వు భరించాల్సిందే.

సన్నీవేల్, శాంటా క్లారా చుట్టుపక్కల కాపురాలు పెట్టిన మనకీ ఒక ఎర్రగడ్డ ఉంది. రోజూ దాని పక్కనుంచే కారు నడుపుతూ కూడా మనలో చాలామంది గుర్తుపట్టరు. మాంటేగ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద లఫయెట్ వీధి దగ్గరికి వస్తుంటే, చెట్ల మధ్య ఒక గడియారం గోపురం, ఎర్ర పెంకుల కప్పులున్న పాత భవనాలు కనిపిస్తాయి. 1990ల చివర్లో ఆ స్థలాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ తీసుకుని తన ఆవరణగా మార్చుకుంది. 2010లో సన్‌తో పాటు అదీ ఒరాకిల్ చేతికొచ్చింది. మనవాళ్ళు ఎంతమంది అక్కడ కూర్చుని జావా రాశారో లెక్కలేదు. నేను అమెరికా వచ్చిన కొత్తలో, అక్కడ కాంట్రాక్టు చేస్తున్న మా రూమ్మేటుని దింపడానికి వెళ్ళేవాణ్ణి. ఒకటి రెండుసార్లు అక్కడి చెట్ల కింద కూర్చుని డబ్బాలోని పులిహోర తిన్నాం కూడా.

అదే ఆగ్న్యూస్ పిచ్చాసుపత్రి. 1885లో మొదలైంది. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున శాన్ ఫ్రాన్సిస్కోని నేలమట్టం చేసిన భూకంపం ఇక్కడి పెద్ద ఇటుక భవనాన్నీ కూల్చేసింది. నూటికి పైగా రోగులూ సిబ్బందీ చనిపోయారు. ఆ రోజు శాంటా క్లారా లోయలో ఇంకెక్కడా ఒకేచోట ఇంతమంది పోలేదు. తరవాత ఒకే మహాభవనం బదులు, చెట్ల మధ్య విడివిడిగా తక్కువ ఎత్తు భవనాలు కట్టారు. మనం పులిహోర తిన్నది వాటి నీడలోనే. మానసిక రోగుల వార్డులు 1970ల మొదట్లో మూతపడ్డాయి.

ఇటువంటి ఆసుపత్రుల్లో ఒకప్పుడు వైద్యం ఏమిటో తెలుసుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. గంటల తరబడి నీళ్ళతొట్టెలో ఉంచడం, తడి దుప్పట్లలో బిగించి చుట్టడం, ఇన్సులిన్ ఎక్కించి కోమాలోకి పంపడం, విద్యుత్ షాకులు. (ఈ షాకుల్ని ఇప్పుడు మత్తుమందు ఇచ్చి, జాగ్రత్తగా, చాలా తీవ్రమైన కుంగుబాటుకి వాడుతున్నారు, బాగానే పనిచేస్తుంది. సినిమాల్లో చూపించేది పాత పద్ధతి.) అవేవీ కుదరకపోతే మెదడు ముందుభాగంలో కోత. 1955 నాటికి అమెరికాలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 5 లక్షల 50 వేల మందికి పైగా ఉన్నారు. ఆ తరవాత ఆ సంఖ్య పడిపోతూ వచ్చింది. దానికి చట్టాలు, డబ్బు, రాజకీయాలు అన్నీ కారణాలే. మొదటి కదలిక తెచ్చినవాటిలో మాత్రం రెండు మందులున్నాయి. ఒకటి 1952లో ప్యారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ మానసిక రోగులకి ఇచ్చి చూసిన క్లోర్‌ప్రోమజీన్. రెండోది మన అడవుల్లోని ఒక మొక్క వేరులోంచి వచ్చింది. ఆ రెండోదాని దారి పట్టుకుని వెళ్తే, మెదడులో ఆశ, ఆనందం, నిరాశ ఎలా నడుస్తాయన్న సంగతి దాకా వెళ్ళొచ్చు. మన ఇళ్ళలో తరచుగా వినిపించే “నీకేం తక్కువ?” అన్న ప్రశ్న కూడా దారిలోనే తగులుతుంది.

మన ప్రాచీనులకి అన్నీ ముందే తెలుసని ఛాతీ విరుచుకోవడానికి ఇది రాయటం లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. వాళ్ళకి తెలిసింది వాళ్ళకి తెలుసు. తెలియనిది తెలుసుకోవడానికి చాలా దేశాలవాళ్ళు చాలా కుందేళ్ళనీ ఎలకల్నీ కోతుల్నీ వాడాల్సివచ్చింది.

ఆ మొక్క పేరు సర్పగంధ. తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు. మోకాలెత్తు పెరుగుతుంది. పూలు తెలుపు, గులాబి, వేరు చేదు. పాము కాటుకి, జ్వరానికి, నిద్ర పట్టనివాళ్ళకి, మతి చెదిరినవాళ్ళకి ఆ వేరు వాడేవాళ్ళు. బీహారులో దాన్ని ‘పాగల్ కీ దవా’ అనే పిలిచేవారట. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఒక వ్యాసం ప్రచురించారు: ఈ వేరు పిచ్చికీ అధిక రక్తపోటుకీ పనికొస్తోందని. అదే రోజుల్లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దానిలోంచి కొన్ని రసాయనాలు వేరుచేసి, ఒకదానికి హకీమ్ అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టాడు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్, రక్తపోటు రోగుల మీద తన అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. దానితో ప్రపంచం కళ్ళు తెరిచింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ వాళ్ళు వేరులోని అసలు సరుకుని పట్టుకున్నారు. దాని పేరు రెసర్పీన్.

1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ ఆసుపత్రిలో నేథన్ క్లైన్ తన రోగులకి ఇది ఇచ్చిన ఫలితాలు ప్రకటించాడు. ఆ ఆసుపత్రిలో పగిలిన కిటికీ అద్దాలు బిగించే పనివాడు, ఈ మధ్య తనకి పని తగ్గిందని మొట్టమొదట గమనించాడని ఒక కథ చెబుతారు. మనకి దగ్గర్లోనే, సెంట్రల్ వేలీలో ఉన్న మొడెస్టో ప్రభుత్వాసుపత్రిలో రాబర్ట్ నోస్ కూడా అదే ఏడాది తన ఫలితాలు ప్రకటించాడు. 1957లో లాస్కర్ బహుమతి అందుకున్నవాళ్ళలో వకీల్, క్లైన్, నోస్ ముగ్గురూ ఉన్నారు. బొంబాయి, న్యూయార్క్, మొడెస్టో ఒకే వేదిక మీద. యోసెమిటీ వెళ్ళేటప్పుడు మనం మొడెస్టోలో గ్యాస్ కొట్టించుకుని సాగిపోతాం. ఈసారి పిల్లలకి ఈ సంగతి చెప్పండి.

మందు పనిచేస్తోంది. ఎలా? ఈ ప్రశ్న దగ్గరే అసలు చరిత్ర మొదలవుతుంది.

1955లో వాషింగ్టన్ దగ్గర, బెథెస్డాలో, బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలలో ఒక సంగతి బయటపడింది. రెసర్పీన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ అనే పదార్థం దాదాపు ఖాళీ అయిపోతోంది. అక్కడ కొన్ని నెలలు పనిచేసి స్వీడన్ తిరిగి వెళ్ళిన ఆర్విద్ కార్ల్‌సన్, సెరటోనిన్ ఒక్కటే కాదేమో అని అనుమానించాడు. నరకణాలు తమ కబురు మోసే రసాయనాల్ని చిన్నచిన్న తిత్తుల్లో నింపి దాచుకుంటాయి, అమ్మమ్మ ఊరగాయని జాడీల్లోకి ఎత్తినట్టు. రెసర్పీన్ ఆ తిత్తుల మూతి దగ్గర అడ్డం పడుతుందని తరవాత తేలింది. జాడీలోకి ఎక్కని పచ్చడి బయట పాడైపోయినట్టే, తిత్తిలోకి చేరని రసాయనాన్ని కణంలోని ఎంజైములు విరగ్గొట్టేస్తాయి.

1957లో కార్ల్‌సన్, అతని సహచరులు చేసిన ప్రయోగం ఇంజనీరుగా నాకు చాలా ఇష్టం. ఏది పాడైందో తెలియని సిస్టమ్‌లో ఒక్కొక్క భాగమే మార్చి చూసుకుంటూ వెళ్ళే పద్ధతి అది. రెసర్పీన్ ఇస్తే కుందేలు చెవులు వాల్చేసి కదలకుండా పడి ఉంటుంది. ముందు దానికి సెరటోనిన్ ముడిసరుకు ఎక్కించారు. కుందేలు లేవలేదు. డోపా అనే మరో ముడిసరుకు ఎక్కించారు. కొద్ది నిమిషాల్లో చెవులు నిలబెట్టి లేచి తిరిగింది. డోపా నుంచి డోపమీన్ తయారవుతుంది, డోపమీన్ నుంచి నార్‌అడ్రినలిన్ తయారవుతుంది. అప్పటివరకూ డోపమీన్ అంటే దారి మధ్యలో మజిలీ మాత్రమే అనుకునేవారు. కార్ల్‌సన్ కొలిచి చూస్తే, లేచి తిరుగుతున్న కుందేలు మెదడులో నార్‌అడ్రినలిన్ ఇంకా నిండనేలేదు. నిండింది డోపమీన్. అంటే మజిలీ అనుకున్నదే అసలు ఊరన్నమాట! లండన్‌లో 1960లో జరిగిన సమావేశంలో పెద్దపెద్ద శాస్త్రవేత్తలు నమ్మలేదు. నలభై ఏళ్ళ తరవాత, 2000లో, నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక రెండో మొక్క. దూలగొండి తెలియని పల్లెటూరి తెలుగువాళ్ళుండరు. కొన్నిచోట్ల దురదగొండి అంటారు. కాయ మీది నూగు చొక్కాలో పడితే ఆ పూట బడి మానేసి నుయ్యి దగ్గర కూర్చోవలసిందే. ఆయుర్వేదంలో దాని గింజల్ని కపికచ్ఛు పేరుతో వాడతారు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు ఆ గింజల్లోంచి ఎల్-డోపాని వేరుచేశారు. అంతకుముందే 1913లో యూరప్‌లో మరో జాతి చిక్కుడులో అది దొరికింది కాబట్టి మొదటి ఘనత మద్రాసుది కాదు. కార్ల్‌సన్ దూలగొండి గింజలు నూరనూ లేదు. అయినా ఆ ప్రయోగాన్ని మన భాషలో చెప్పుకుంటే: సర్పగంధలోని సరుకు కుందేలుని పడుకోబెట్టింది, దూలగొండిలో ఉన్న సరుకే దాన్ని లేపింది. రెండూ ఒకే చేను గట్టున పెరగగల మొక్కలు.

ఆ తరవాత వియన్నాలో హోర్నికీవిచ్, పార్కిన్సన్స్ జబ్బుతో చనిపోయినవారి మెదడుల్లో డోపమీన్ బాగా తగ్గిపోయి ఉందని 1960లో చూపించాడు. ఎల్-డోపా ఆ జబ్బుకి మందైంది. అది అందరికీ తెలిసిన కథే. ఆనందానికీ దిగులుకీ డోపమీన్‌తో ఏం పని అన్నది ఇంకో దారిలో వచ్చింది.

1954లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఒక ఎలక మెదడులో సన్నటి తీగె అమర్చారు. గురి తప్పి తీగె వేరేచోట దిగింది. ఆ ఎలకకి చిన్నపాటి కరెంటు తగిలిన మూలకే అది మళ్ళీ మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టింది. మీట నొక్కితే కరెంటు వచ్చే ఏర్పాటు చేస్తే, ఎలకలు గంటకి వందలసార్లు, తరవాతి ప్రయోగాల్లో వేలసార్లు నొక్కాయి. తిండి మానేసి నొక్కాయి. మెదడులో ‘ఆనందకేంద్రం’ దొరికిందని పత్రికలు రాశాయి. ఆ దారుల్లో ప్రవహించేది ఎక్కువగా డోపమీనే అని తేలాక, డోపమీన్ అంటే ఆనందం అన్న సమీకరణం జనం నోళ్ళలో పడింది. మన పిల్లలు ఫోను చూస్తూ “డోపమీన్ హిట్” అనడం దాని మనవడే.

ఆ సమీకరణం తప్పు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెరీ రాబిన్సన్ 1989లో ఎలకల డోపమీన్ దాదాపు పూర్తిగా తీసేసి చూశారు. అలాంటి ఎలక తనంతట తాను తిండి దగ్గరికి వెళ్ళదు. ఎదురుగా అన్నం ఉన్నా ఆకలితో చచ్చిపోతుంది. కానీ నాలిక మీద తియ్యటి నీళ్ళు వేస్తే మామూలు ఎలకలాగే మూతి నాక్కుంటుంది. రుచి తెలుస్తోంది, బాగుంది కూడా. కావాలనిపించడమే లేదు. ‘ఇష్టపడటం’ వేరు, ‘కోరుకోవడం’ వేరు; డోపమీన్ పని రెండోది. ఈ తేడా తెలిసిన రోజున నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఎందుకో కింద చెబుతాను.

1990లలో స్విట్జర్లాండులో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మెదడులోని డోపమీన్ కణాల చప్పుడు ఒక్కొక్కదాన్నీ విడివిడిగా విన్నాడు. మనిషి మెదడులో మొత్తం 8,600 కోట్ల నరకణాలుంటే ఈ రకం నాలుగైదు లక్షలు మాత్రమే. కోతికి ఆపిల్ రసం చుక్క ఇచ్చినప్పుడు కణాలు గట్టిగా మోగాయి. రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక, దీపం వెలిగినప్పుడే మోగాయి. రసం వచ్చినప్పుడు ఉలుకూ పలుకూ లేదు. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణంలో కణాలు మూగబోయాయి.

ఇది మనకి ఇంతకన్నా బాగా తెలిసిన భాషలో చెప్పనా? గ్రీన్ కార్డు క్యూలో ఉన్న ఏ తెలుగువాణ్ణయినా అడగండి. నెలనెలా వీసా బులెటిన్ వస్తుంది. ఒక నెల హఠాత్తుగా రెండేళ్ళు ముందుకి జరిగి మన తేదీ కరెంట్ అయింది. ఆ రాత్రి నిద్రపట్టదు. స్నేహితులందరికీ ఫోన్లు. చాలా నెలల తరవాత అసలు కార్డు పోస్టులో వస్తుంది. కవరు చింపి, పేరులో అక్షరాలు సరిచూసుకుని, సొరుగులో పెట్టి పప్పులో తాలింపు వేసుకుంటాం. కార్డు విలువ తగ్గలేదు. మెదడు దాన్ని ఎప్పుడో లెక్కలో వేసేసుకుంది. అదే కార్డు రాకముందు తేదీ మళ్ళీ వెనక్కి జారితే? నిన్నటికన్నా మన దగ్గర పోయిందేమీ లేదు. అయినా ఇంట్లో చావు కబురు విన్నట్టుంటుంది. డోపమీన్ కణాలు మోగించేది ఉన్నదాని మొత్తాన్ని కాదు. అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాని.

ఇందులో మన వృత్తి వాళ్ళకి ఒక సంబరం కూడా ఉంది. యంత్రానికి తప్పొప్పుల ద్వారా నేర్పడం కోసం రిచర్డ్ సటన్, ఆండ్రూ బార్టో 1980లలో ఒక లెక్క కట్టారు. వచ్చినదానికీ ఊహించినదానికీ తేడా తీసి, ఆ తేడాతో తరవాతి ఊహని కొంచెం దిద్దుకోవడం. షుల్ట్జ్ కోతుల కణాలు సరిగ్గా అదే లెక్క చేస్తున్నట్టున్నాయని పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్, షుల్ట్జ్ కలిసి 1997లో సైన్స్ పత్రికలో రాశారు. సటన్, బార్టోలకి 2024 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి వచ్చింది. వాళ్ళు కాయితం మీద కట్టిన లెక్కని ప్రకృతి కోట్ల ఏళ్ళ కిందటే రాసి పెట్టుకుంది.

ఇప్పుడు ఆ కుర్చీ సంగతి. మా వీధిలో ఒక స్నేహితుడున్నాడు. పేరూ కంపెనీ లేకుండా రాయమని అతనే అన్నాడు. రెండేళ్ళ కిందట షటిల్ ఆడటానికి రావడం మానేశాడు. తరవాత పిలుపులకి రావడం, తరవాత ఫోనెత్తడం మానేశాడు. ఏడవడు, కోప్పడడు. వాళ్ళావిడ పెట్టింది తింటాడు, బాగుందంటాడు, లేచి మళ్ళీ అదే సోఫాలో కూర్చుంటాడు. డాక్టరు కుంగుబాటు అని చెప్పి మందు మొదలుపెట్టాడు. ఇండియా నుంచి నాన్నగారు వచ్చారు. గుంటూరు వైపు ఒక కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైన మనిషి. ఒక సాయంత్రం మా వంటింట్లో నిలబడి అడిగారు:

“వాడికేం తక్కువ బాబూ? ఇల్లుంది. కోడలు బంగారం. పిల్ల చక్కగా చదువుకుంటోంది. గ్రీన్ కార్డు కూడా వచ్చేసిందిగా. ఇక్కడికొచ్చి వాడికేం తక్కువైందో నాకర్థం కావడంలేదు.”

ఆ ప్రశ్నలో నింద కన్నా భయం ఎక్కువ ఉంది. ఆయనకి చెప్పడానికి నా దగ్గరున్నది బెరిడ్జ్ ఎలక ఒక్కటే. మీవాడికి రుచి పోలేదు మాస్టారూ, వెళ్ళి తెచ్చుకోవాలనిపించడం ఆగిపోయింది అన్నాను. ఇల్లూ కార్డూ ఇచ్చినా మెదడులో లెక్కలు కట్టే చోట తేడా నమోదు కావడం లేదని చెప్పాను. తరవాత కుందేలు కథ చెప్పాను. సర్పగంధ పేరు వినగానే మాస్టారి ముఖంలో పాత లెక్చరరు లేచాడు. “అపోసైనేసీ. గన్నేరు కుటుంబం. దూలగొండి చిక్కుడు కుటుంబం,” అన్నారు. కాసేపాగి, “ముప్ఫయ్యేళ్ళు ఈ రెండు మొక్కలూ పాఠం చెప్పాను. కుందేలు సంగతి ఎవరూ చెప్పలేదు,” అన్నారు.

స్నేహితుడి మెదడులో ఏం జరుగుతోందో నాకు కచ్చితంగా తెలుసని కాదు. సగటున ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళు మాత్రం ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి, “ఈ బొమ్మ కనిపిస్తే కాసిని డాలర్లు రావచ్చు” అని ఊరిస్తూ మెదడు చూసే ఆటని 2000 ప్రాంతంలో రూపొందించిన బ్రయన్ నట్సన్ స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధకుడు. డబ్బు చేతికందే ముందు, ఎదురుచూపులో, న్యూక్లియస్ అకంబెన్స్ అనే చిన్న ముద్ద వెలుగుతుంది. కుంగుబాటులో ఉన్నవాళ్ళకి ఆ ప్రాంతపు స్పందన సగటున మందగిస్తుందని తరవాత చాలా పరిశోధనలు చూపించాయి. అందరిలోనూ కాదు, ఒకే మోతాదులోనూ కాదు. స్టాన్‌ఫర్డ్‌లోనే కార్ల్ డైసెరోత్, స్వయంగా మానసిక వైద్యుడు, 2005లో సహచరులతో కలిసి నాచు మొక్క నుంచి తీసిన ఒక ప్రొటీన్‌ని నరకణాల్లో పెట్టి, వెలుతురుతో వాటిని మోగించే పద్ధతి తెచ్చాడు. దానితో ఎలకల డోపమీన్ కణాల్ని కావలసినప్పుడు మోగించి, అవి కోరికనీ ప్రయత్నాన్నీ ఎలా మారుస్తాయో చూడటం వీలైంది.

కుంగుబాటు ఒక్కటే కాదు. మనవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా దాచిపెట్టే జబ్బు స్కిజోఫ్రీనియా. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని తాళి కట్టించేది ఈ జబ్బుకే. (ఇది రెండు జీవితాల్ని నాశనం చేసే వైద్యం. ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.) అందులో డోపమీన్ కొన్నిచోట్ల వేళాపాళా లేకుండా మోగుతుంది. 2003లో శితిజ్ కపూర్ దీన్ని చక్కగా వివరించాడు. ఏ కారణమూ లేకుండా గంట మోగితే, ఎదురుగా ఉన్నది ఏదైనా సరే, అది ముఖ్యమైనదని మెదడు అనుకుంటుంది. ముందు కారు నంబరు ప్లేటు, టీవీలో వార్తలు చదివే అమ్మాయి చూపు, పక్కింట్లో ఆరిన దీపం. ఇన్ని ముఖ్యమైన సంగతులు ఒకేసారి ఎందుకు జరుగుతున్నాయి? ఎవరో నా మీద కుట్ర చేస్తున్నారు. ఆ కుట్ర కథ మోగుతున్న గంటకి మనిషి వెతుక్కున్న అర్థం. మందులు గంట చప్పుడు తగ్గిస్తాయి. అల్లుకున్న కథ నెమ్మదిగా, ఆలస్యంగా వదులుతుంది. అంచేత మొదటి వారంలోనే “మందు పనిచేయట్లేదు” అని ఆపెయ్యకూడదు. పార్కిన్సన్స్‌కి డోపమీన్‌లా పనిచేసే కొన్ని మందులు తీసుకునే పెద్దవాళ్ళలో కొందరికి హఠాత్తుగా జూదం పిచ్చి పట్టుకోవడం కూడా ఈ బాపతే. మీ మామగారు ఉన్నట్టుండి లాటరీ టికెట్లు కట్టలుకట్టలు కొంటున్నారంటే క్యారెక్టరు గురించి మాట్లాడే ముందు మందుల డబ్బా చూడండి.

మళ్ళీ రెసర్పీన్ దగ్గరికి రావాలి. అక్కడ ఒక అబద్ధపు మలుపు ఉంది. 1950లలో రక్తపోటుకి రెసర్పీన్ వాడినవారిలో కొందరు దిగులులో మునిగిపోయారని వైద్యులు రాశారు. రెసర్పీన్ మెదడు రసాయనాల్ని ఖాళీ చేస్తుంది. ఖాళీ అయితే దిగులు. అంటే దిగులంటే రసాయనం తక్కువ కావడమే. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ దీన్ని సిద్ధాంతంగా రాశాడు. 1987లో ప్రొజాక్‌కి అమెరికాలో అనుమతి వచ్చాక, అదే సిద్ధాంతం సెరటోనిన్ వేషం వేసుకుని ప్రకటనల్లోకెక్కింది. ‘కెమికల్ ఇంబాలెన్స్’ అన్న మాట మన అత్తగార్ల దాకా చేరింది. అయితే 1955లోనే లండన్‌లో డేవిస్, షెపర్డ్ అనే ఇద్దరు, ఆందోళన, దిగులు ఉన్న రోగులకి ఇదే రెసర్పీన్ ఇస్తే మేలు చేసిందని లాన్సెట్‌లో రాశారు. ఆ వ్యాసాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష, కుంగుబాటు సెరటోనిన్ లోటు వల్ల వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదంది.

ఇది విని మందులు దండగ అనుకునేవాళ్ళున్నారు. తలనొప్పికి పారాసెటమాల్ పనిచేస్తుంది కదా, తలనొప్పి పారాసెటమాల్ లోటు వల్ల రాలేదు. సిద్ధాంతం సగం తప్పైనా మందు కొంతమందికి బాగానే పనిచేయగలదు. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పగల పరీక్ష మాత్రం ఇంకా లేదు. సూట్‌కేసులో ఇండియా నుంచి సర్పగంధ చూర్ణం తెచ్చి డాక్టరు మందుతో పాటు పట్టించే ఇళ్ళు నాకు తెలుసు. రక్తపోటు పడిపోవచ్చు, వేరే మందులతో పడకపోవచ్చు. ఆ పొట్లం సంగతి డాక్టరుకి చెప్పకుండా వాడొద్దు.

మందులతో పాటు డాక్టర్లు ఇంకో పద్ధతి చెబుతారు. 1970లలో ఆరెగన్‌లో పీటర్ లూయిన్‌సన్ దీనికి పునాది వేశాడు. ఇష్టం పుట్టాక పని చేద్దామని కూర్చోకుండా, చిన్న పనులకి వేళలు రాసుకుని ఇష్టం లేకపోయినా చెయ్యడం. చేసిన పనిలో కాస్త మంచి ఎదురైతే, మెదడు లెక్క కొంచెం దిద్దుకుంటుంది. కోరిక వెనక నుంచి వస్తుంది. మాస్టారికి ఇది నచ్చింది. వీసా ప్రకారం ఉన్న ఆర్నెల్లూ రోజూ పొద్దున్నే ఏడింటికి కొడుకుని లేపి స్టీవెన్స్ క్రీక్ గట్టు మీద నడిపించారు. దారిలో కనిపించిన ప్రతి కలుపుమొక్కకీ కుటుంబం పేరు చెప్పేవారట. ‘నీకేం తక్కువ’ అన్న మాట ఆ ఆర్నెల్లలో మళ్ళీ అనలేదని వాళ్ళ కోడలు చెప్పింది.

రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే అమెరికాలో 2022 జూలై నుంచి 988 నంబరుంది. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి, తమ్ముళ్ళకి 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్, 14416, తెలుగులో మాట్లాడతారు. ఫ్రిజ్ తలుపు మీద పిజ్జా నంబరు పక్కన అతికించుకోవడానికి పెద్ద చోటు పట్టదు.

స్నేహితుడు మందు వేసుకుంటూనే ఉన్నాడు. మొదట నిద్ర కుదుటపడింది, తరవాత పని మీద ధ్యాస. షటిల్‌కి ఇంకా రావడం లేదు. దేనికోసమైనా ఎదురుచూడటం అన్నది మాత్రం అన్నిటికన్నా ఆఖరున వస్తోందని అతనే అన్నాడు. ఈ ఏప్రిల్లో ఒకరోజు ఫోన్ చేసి, ఇండియన్ స్టోరులోకి బంగినపల్లి పెట్టెలు ఎప్పుడొస్తాయో కనుక్కోమన్నాడు.